దరియా పురుగూ, మా అత్తమ్మ వేలూ

కిందటి చలికాలం నేనూ, నాతో పనిచేసిన టీచర్లూ కలిసి భీమిలి వెళ్ళాం. ఒడ్డున ఒకాయన పాత పడవని విప్పుతున్నాడు. ఊడదీసిన చెక్కని ఇసుకలో నిలబెట్టి గొడ్డలితో నిలువునా చీల్చాడు. పైకి చూస్తే ఆ చెక్కకి ఏ లోపమూ లేదు, అక్కడక్కడా గుండుసూది మొన దూరేపాటి బెజ్జాలు తప్ప. లోపల మాత్రం వేలు పట్టేంత సొరంగాలు. ఒకదాన్నొకటి తాకకుండా, పక్కపక్కనే, మెలికలు తిరుగుతూ చెక్క పొడుగునా పోయాయి. ప్రతి సొరంగం గోడకీ సున్నం పూసినట్టు తెల్లని పొర.

"ఓడపురుగమ్మా ఇది" అన్నాడాయన. "పురుగని అంటాం గానీ నత్తా ఆల్చిప్పా జాతేనట. మా తాతల కాలంలో ఇంత నేదట. పెద్ద ఓడలకి అంటుకుని ఏయే సముద్రాల నుంచో వచ్చీసింది. లోపలికి దూరిందా, ఇంక మనకి కనబడదు."

తోటివాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నేను ఇసుకలో కూలబడ్డాను. ఎండ దెబ్బేమోనని వాళ్ళు నీళ్ళు తెచ్చారు. ఎండ కాదు. ఆ తెల్లని పొరని నేను పడుచుతనంలో ఒకసారి చూశాను, ఏ సముద్రమూ దరిదాపుల్లో లేని ఛత్రినాకలో, మా గుడి వాకిట్లో. దాన్ని చూడకముందే కనిపెట్టిన మనిషి మా అత్తమ్మ. మా బాపుకి, అంటే నాన్నకి, అక్క. ఆమె జన్మలో సముద్రాన్ని చూడలేదు.

ఆమె అనగానే నాకు మొహం కంటే ముందు వేలు గుర్తొస్తుంది. కుడిచేతి నడిమి వేలు. మడిస్తే పైకి లేచే కణుపు మీద నల్లగా కాయ కాసి ఉండేది. ఆ కణుపుతో తట్టించుకోకుండా మా ఇంట్లోకి ఏదీ వచ్చేది కాదు. కుండ, కొబ్బరికాయ, గుమ్మడికాయ, కొత్త పీట, ఆఖరికి పిల్లల నెత్తి. తట్టి, చెవి దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకునేది. తర్వాత తీర్పు ఒక్క మాటలో వచ్చేది. "పలుకుతది" అంటే మంచిది. "దాస్తది" అంటే వద్దు. ఏం దాస్తుందని అడిగితే విసుక్కునేది. "తెలిస్తే దాసుడెట్లయితది?" అనేది.

ఆషాఢం రాగానే మా గల్లీ ఆడవాళ్ళంతా బోనాల కుండల కోసం ఆమెని వెంటబెట్టుకుని కుమ్మరి ఇంటికి పోయేవారు. ఆమె ఆ కుండల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్కదాన్నే ఒళ్ళోకి తీసుకుని తట్టేది. కుమ్మరి తలపట్టుకునేవాడు. "అమ్మా, గట్ల అన్నిటికి వంకలు వెడితే నేనేం బతకాలె?" అని మొత్తుకునేవాడు. అయినా ఆమె పక్కన పెట్టిన కుండని మరెవరికీ అంటగట్టేవాడు కాదు, అది అతని మంచితనం. ఆమె ఎంచిన కుండలకి పసుపు పూసి, వేపమండలు కట్టి, దీపం పెట్టి ఆడవాళ్ళు నెత్తికెత్తుకుని బయల్దేరేవేళకి మాత్రం ఆమె వెనకింట్లో ఉండేది. తలుపు ఆమే దగ్గరికి వేసుకునేది. కుండకి ఆమె చెయ్యి పనికొచ్చింది గానీ ఆమె మొహం పనికిరాలేదు. గల్లీలో ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

కాపురానికి పోకముందే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆమె. బయటికి పోయేవాళ్ళకి ఎదురు రాకూడదు. ఆ మాట ఇంకొకరి చేత అనిపించుకోవడం ఇష్టంలేక ఆమె ఒక దగ్గు నేర్చుకుంది. అది రోగం దగ్గు కాదు. గడప దాటేముందు లోపల్నించి పొడిగా, చిన్నగా దగ్గేది. అరుగు మీద చెప్పులేసుకుంటున్న వాళ్ళు ఆ దగ్గు విని గబగబా మెట్లు దిగిపోయేవారు. బాపు గుడి తాళాలు తీసుకుని బయల్దేరినా, అన్నయ్య ఆఫీసుకి పోయినా, వెనక ఆ దగ్గు వినిపించేది. నేను అప్పుడే ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. కావాలని అరుగు మీద తారట్లాడుతూ ఆమె వచ్చేదాకా నిలబడేదాన్ని.

"పోరాదే! బడికి యాళ్ల గాలేదా?" అని లోపల్నించి కసురుకునేది.

"నువ్వు ఎదురొస్తే పోదామని."

"గీ షోకులు నాకాడ వెట్టకు. మొత్తుకోబుద్దయితంది" అని మళ్ళీ దగ్గేది. నేను ఓడిపోయి వెళ్ళిపోయేదాన్ని.

ఒకసారి నన్ను చూసుకోవడానికి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. బాపు వేసిన ప్రతి ఛలోక్తికీ పగలబడి నవ్వాడు. వాళ్ళు పోయాక అత్తమ్మ వెనకింట్లోంచి వచ్చి, "ఆ పిలగాడు దాస్తడు బిడ్డా" అంది. మొహమైనా చూడకుండా ఏం చెబుతావని అందరం ఆమెని ఆటపట్టించాం. ఆ సంబంధం మరేదో కారణాన తప్పిపోయింది. ఆమె మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. గుడి కోసం తెచ్చిన కట్టె విషయంలో మాత్రం తెలుసు.

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళయింది. దుకాణాల మీద ఉర్దూ పక్కన తెలుగు అక్షరాలు మొలుస్తున్న రోజులు. మా కుటుంబం తరాలుగా కొలుస్తున్న రాములవారి గుడిలో ధ్వజస్తంభం పుచ్చిపోయింది. కొత్తది నిలబెట్టాలని బాపు పట్టుబట్టాడు. అంత పొడుగు మాను ఎక్కడా దొరకలేదు. ఆఖరికి బార్కస్‌లో కట్టెల అడితి నడిపే చావుష్ సాబ్ తెప్పిస్తానన్నాడు. ఆయన ముత్తాతలు అరబ్బు దేశం నుంచి సముద్రం దాటి నిజాం ఫౌజులోకి వచ్చినవాళ్ళు. ఫౌజు పోయాక ఈయన అడితి పెట్టుకున్నాడు. బొంబాయి రేవులో ఏళ్ళ తరబడి నీళ్ళల్లో నానుతూ పడివున్న టేకు దుంగ ఒకటి ఉందని చెప్పాడు. పడవకి తెరచాప కొయ్యగా చెయ్యాలని తెచ్చి ఎవరో వదిలేశారట.

సముద్రం కట్టె అని చెప్పగానే బాపు ఎగిరి గంతేశాడు. ఉప్పునీళ్ళు తాగిన కట్టెకి చెద పట్టదని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు. అదొక్కటే కాదు. "పూరీ గుడిల దేవుడే దుంగయి సముద్రంల తేలుకుంట వచ్చిండు" అని బాపు గల్లీ గల్లీకీ చెప్పుకున్నాడు. "మనకు గూడ దరియా నుంచే వస్తుండు. ఇగ ఏం పరీక్ష గావాలె?"

రైలు దిగిన దుంగ ఎడ్లబండి మీద మా గల్లీ మొగకి వచ్చింది. సన్నాయి, డోలు పెట్టి ఎదుర్కున్నారు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు. ముందు నిలబడింది మా వదిన. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమెకి కడుపు పండలేదు. దేవుడి పని ఎక్కడున్నా చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందుండేది. నూనెలో కలిపిన పసుపు ముద్దని ఆమే ఆ దుంగకి ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టించింది. అక్కడక్కడా సన్నని బెజ్జాలుంటే ఒత్తి ఒత్తి నింపింది. మేకులు కొట్టి తీసిన బెజ్జాలనుకున్నాం అందరం.

చావుష్ సాబ్ బండి వెనకే నడిచి వచ్చాడు. పసుపంతా చూసి గడ్డం నిమురుకున్నాడు. "పంతులూ, దరియా కీ లక్డీ హై. ఏక్ జగా కాట్‌కే దేఖ్‌లో. రంపం నా దగ్గరుంది, ఒక్క కాడ కోసి చూస్కో. బాగలేకుంటే వాపస్ తీస్కపోత" అన్నాడు.

బాపు చెవులు మూసుకున్నాడు. "పసుపు వెట్టినంక రంపం వెడ్తమా సాబ్? ఇప్పుడది కట్టె గాదు, దేవుడు."

ఆ పూట అత్తమ్మ వెనకింట్లోనే ఉంది. మర్నాడు అన్నాలు తిని అందరూ నడుం వాల్చాక నన్ను లేపింది. "గుడికాడికి పోదాం రా. నువ్వు వాకిట్ల నిలబడు. ఎవరన్న వస్తే ఈసారి నువ్వు దగ్గు" అంది.

పందిరి కింద పసుపురంగు దుంగ పడుకుని ఉంది. దాన్ని ఆమె ముట్టుకోకూడదు. ముట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని దుంగ మొదట్లో తట్టింది. కొంచెం జరిగి మళ్ళీ తట్టింది. నడిమికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. చెంప దుంగకి ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. లేచేటప్పటికి ఆమె చెంప నిండా పసుపు. విధవ మొహం మీద పసుపు చూడటం నాకదే మొదలు. ఆమెకి ఆ ధ్యాసే లేదు.

"కట్టె కట్టె లెక్క పలకాలె. ఇది మొదట్ల మంచిగనె పలికింది. నడిమిట్ల డోలు లెక్కుంది" అంది. "మస్తు దాస్తది బిడ్డా ఇది. మీదికి లేపితే ఎన్నడో ఒకనాడు మంది మీద వడ్తది."

ఆమె ఆ మాట బాపుకి చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బాపు విన్నాడు. మొహం ఎర్రబడింది. "నువ్వు ముట్టుకున్నవా?" అన్నది ఒక్కటే ఆయన అడిగిన ప్రశ్న.

"ముట్టుకున్న గనకనె చెప్తున్న తమ్మీ. వాపస్ ఇయ్యి. ఆయన తీస్కపోతనన్నడు గద."

"ఊరంత ఎదురుగొని తెచ్చినంక వాపస్ ఇస్తె నా మొకం ఏడవెట్టుకోవాలె? అక్కా, నీకు దండం వెడ్త. ముట్టుకున్నవని ఎవ్వరికి చెప్పకు." ఆ సాయంత్రమే బాపు మంత్రాలు చదువుతూ దుంగకి నీళ్ళు చల్లి శుద్ధి చేశాడు. ఏమైందని వదిన అడిగితే, బల్లి పడిందన్నాడు. అత్తమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఆ బల్లి మాట ఆమెకి వినబడిందని నాకు తెలుసు.

ఆమె ఊరుకోలేదు. పొయ్యిలోకి రంపపు పొట్టు కావాలనే వంక పెట్టుకుని నన్ను తోడు తీసుకుని బార్కస్ దాకా రిక్షాలో వచ్చింది. చావుష్ సాబ్ లేచి నిలబడి స్టూలు వేయించాడు. ఆమె కూర్చోలేదు. కొంగు నిండా కప్పుకుని, దుంగలు పేర్చిన గోడకేసి చూస్తూ అడిగింది.

"చెద పట్టని కట్టెను లోపటికెళ్లి ఏం దింటది సాబ్?"

"దీమక్ నై అమ్మా. చెద గాదు. దరియా కా కీడా, సముద్రం పురుగు" అన్నాడాయన. "మా ముత్తాత ఫౌజుల చేరకముందు పడవల నౌకరీ చేసిండు. ఇంట్ల చెప్పేటోళ్లు. పుట్టినప్పుడు కీడా కండ్లకు గానరాదు. సూది బెజ్జంలకెళ్లి లోపటికి వోతది. లోపట పెద్దగయితది. మళ్ల బయటికి రాదు. తినుకుంట, ఇల్లు గట్టుకుంట పోతది. గోడలకు సున్నం గూడ అదే పూసుకుంటది. మీదికెళ్లి చూస్తే జహాజ్ కొత్తగుంటది. ఒక్క అల కొడితే ఖతమ్."

"గిక్కడ సముద్రం లేదు గద. ఇంక తింటదా?"

"నీళ్లల్లకెళ్లి తీస్తే కీడా మర్‌జాతా. లేకిన్ ఉస్‌కా ఘర్ రహ్‌జాతా" అని, అత్తమ్మకి అర్థమైందో లేదోనని మళ్ళీ చెప్పాడు. "పురుగు సచ్చిపోయింది. దాని ఇల్లు ఉన్నది."

అత్తమ్మ తల ఆడించింది. రాగి తొడుగు వేస్తున్నారని, దానితోనైనా బలం వస్తుందా అని అడిగింది. ఆయన నవ్వబోయి ఆగాడు. "జహాజుకు గూడ రాగి రేకు కొడ్తరమ్మా. కీడా రాకముందు. పంతులేమో అది వచ్చి పోయినంక కొడ్తుండు."

తర్వాత చావుష్ సాబ్ మా ఇంటికి వచ్చి బాపుతో మరోసారి చెప్పి చూశాడు. బాపు మర్యాదగా చాయ్ తాగించి పంపించాడు. నేను అన్నయ్యకి చెప్పాను. బాపుకి ఎదురు చెప్పే ధైర్యం అన్నయ్యకి ఏనాడూ లేదు. వదినకి చెప్పాను. "నేను పసుపు రాసిన చేత్తో పట్టుకుని చూసిన. రాయి లెక్కుంది. మీ అత్తమ్మకు అన్నిట్ల వంకలే" అంది.

వైశాఖంలో ధ్వజస్తంభం లేచింది. మొదలు రాతి దిమ్మెలో కూరి, పై నుంచి కింది దాకా రాగి రేకులు తొడిగారు. ఎండలో కళ్ళు చెదిరేట్టు మెరిసింది. అంత అందమైన వస్తువుని చూసి భయపడటం నాకు ఆనాడే మొదలైంది. అత్తమ్మ మా అరుగు మీద చోటు మార్చుకుంది. ఇదివరకు గోడకానుకుని వీధికేసి కూర్చునే మనిషి, గుడి వాకిలి కనబడేట్టు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. గాలి కాస్త విసురుగా వీస్తే చెవులు రిక్కించేది. స్తంభం కింద పిల్లలు గోటీలాడితే తిట్టి తరిమేది. పూలమ్మే ముసలామె బల్లని పక్కకి జరుపుకొమ్మని రోజూ పోట్లాడేది. పూలామె జరిపేది కాదు. ఎండపూట నీడ అక్కడే పడుతుంది మరి. ముసలితనానికి అత్తమ్మ నోరు పెద్దదైందని గల్లీలో చెప్పుకున్నారు.

వానలు పడ్డాక ఇంకో వింత జరిగింది. ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దున, రాగి రేకుల అతుకులోంచి తెల్లని నీళ్ళు కారుతున్నాయి. మొదట చూసింది పూలామె. "పాలు! కంబంలకెళ్లి పాలు గారుతున్నయి!" అని కేకేసింది. క్షణంలో గల్లీ అంతా వాలింది. ఆ నీళ్ళని వేలితో అందుకుని కళ్ళకద్దుకున్నారు. చంటిపిల్లల నోట్లో పెట్టారు. బాపు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. "చూసినవా అక్కా" అన్నాడు ఇంటికొచ్చి. గెలిచిన మనిషి గొంతు అది.

అత్తమ్మ నా చెవి దగ్గరకి వంగింది. "అది పాలు గాదు బిడ్డా. దాని ఇంటి సున్నం. వాననీళ్లు లోపటికి వోతున్నయి" అంది. పాల సంగతి బహదూర్‌పురా దాకా పాకింది. అక్కడి నుంచి ఇంకా ఎక్కడెక్కడికో. వానపడ్డ మర్నాడల్లా బిడ్డల్లేని ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి స్తంభం మొదట్లో కొంగులు పరిచి కూర్చునేవారు. ఆమె కోరినదానికి సరిగ్గా ఎదురు జరిగింది. మంది ఎక్కడ ఉండకూడదని ఆమె గొంతు చించుకుందో అక్కడికే దేవుడి పేరుతో మంది చేరారు. వదిన ఆ వరసలో ముందుండేది.

తర్వాతి ఏడు శ్రీరామనవమి ఉత్సవాల మొదటి రోజు గరుడ పటం ఎగరేశారు. ఆ వేళ గరుత్మంతుడికి పెట్టిన ప్రసాదాన్ని ధ్వజస్తంభం కింద, సంతానం కోరుకునే ఆడవాళ్ళకి పంచుతారు. ఎన్నడూ లేనంత జనం. పట్టుచీరల్లో, నెత్తినిండా పూలతో, కొంగులు చాచి వాళ్ళు స్తంభాన్ని ఆనుకుని కూర్చున్నారు. మొదటి వరసలో వదిన. పొద్దున్నుంచీ గాలి తిరుగుతోంది. పైన జెండా ఫటఫటమని కొట్టుకుంటోంది. రాగి రేకుల లోపల ఎక్కడో మంచం కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. డోలు మోతలో అది నాకు వినబడిందంటే అత్తమ్మకి వినబడకుండా ఉంటుందా? నేను వెనక్కి తిరిగి మా ఇంటికేసి చూశాను.

వెనకింటి తలుపు తెరుచుకుంది. ఆమె అరుగు దిగి నడిచి వస్తోంది. దగ్గలేదు.

తెల్లచీర, బోడినెత్తిన కొంగు. సన్నాయి వాయించేవాడు ఊదడం ఆపేశాడు. ఆమె ఎవరికేసీ చూడకుండా ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి, స్తంభం దిమ్మెకి వీపానించి, వాళ్ళందరికీ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కుండల మధ్య కూర్చున్నట్టే. శుభమా అని కొంగు చాచిన ప్రతి పడుచు కళ్ళెదుటా ఆమె మొహం. జీవితమంతా ఏ మొహాన్ని తలుపు వెనక దాచుకుందో దాన్నే ఆనాడు అడ్డం పెట్టింది. ఒక్కొక్కరే లేచారు. పిల్లల తల్లులు పిల్లల కళ్ళు మూశారు. చూస్తుండగా స్తంభం చుట్టూ ఖాళీ అయిపోయింది.

"లే అక్కా!" బాపు పళ్ళు కొరుకుతూ అన్నాడు.

"నేన్ లేవ. ప్రసాదం మండపంల వంచుకో."

"అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవు."

"తీస్త. నీ ఇజ్జత్ కన్న వీండ్ల పానాలు ఎక్కువ."

ఆమెని అందరి ఎదుటా చెయ్యి పట్టి లాగలేక బాపు ప్రసాదాన్ని మండపంలోకి తీసుకుపోయాడు. వదిన అక్కడికి పోలేదు. మొహం కొంగులో దాచుకుని ఇంటికొచ్చి తల గోడకేసి కొట్టుకుంటూ ఏడ్చింది. "నా కడుపు పండుడు ఆమెకు ఇష్టం లేదు" అంది. ఆ రోజు స్తంభం పడలేదు. మర్నాడూ పడలేదు. ఉత్సవాలన్నీ అయిపోయినా అది ఠీవిగా మెరుస్తూనే ఉంది. అత్తమ్మ మాత్రం రోజూ పోయి దిమ్మె దగ్గర కూర్చునేది. ఇంక అక్కడికి ఎవరూ రావడం మానేశారు. పూలామె కూడా బల్లని అక్కడే వదిలేసి మండపం మెట్ల మీద అమ్ముకునేది. వదిన ఆమెతో మాటలు మానేసింది. మంచినీళ్ళ చెంబు కూడా నా చేతికిచ్చి పంపించేది. వచ్చే ఆషాఢంలో కుమ్మరి ఇంటికి పిలవడానికి ఎవరూ రారని అత్తమ్మకి అప్పటికే తెలుసు.

వైశాఖం చివర ఒక పగటివేళ గాలిదుమారం లేచింది. దుమ్ముకి దారి కనబడక నేను అత్తమ్మని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. తలుపు వేస్తుండగానే ఆ చప్పుడు వినిపించింది. మాను విరిగిన చప్పుడు కాదు. ఎండిన బెండు విరిగినట్టు చిన్నది, ఆ వెంటనే రాగి రేకులు నేలకి కొట్టుకున్న మోత.

గాలి తగ్గాక వెళ్ళి చూశాం. స్తంభం నడిమికి విరిగి, పై సగం గుడి వాకిట్లో అడ్డంగా పడివుంది. పూలామె బల్ల దాని కింద పలకలు పలకలుగా అయిపోయింది. విరిగిన చోట కట్టె లేదు, సొరంగాలే. తెల్లని గొట్టాలు విరిగి గాజుముక్కల్లా నేలంతా చిందాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చోట మనుషులు కూర్చోవడం మానేసి నెలకి పైనే అయింది కదా.

వదిన నడిచి వెళ్ళి, గరుడ పటం ఎగరేసిన నాడు తాను కూర్చున్న చోట కూర్చుంది. కూర్చోగానే ఆమె మోకాళ్ళు ఆ దుంగకి తగిలాయి. చాలాసేపు లేవలేదు. లేచేటప్పుడు ఒక తెల్లని గొట్టం ముక్క ఏరి కొంగున ముడేసుకుంది.

జనం పోగయ్యారు. గల్లీ పెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "ఏమన్న అనుకో పంతులూ. మీ అక్క గాడ కూసున్నప్పుడే నాకు మనసుల వడ్డది. దేవుడు ఓర్వలేదు" అన్నాడు. అవునన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

బాపు చేతిలో కూడా ఒక గొట్టం ముక్క ఉంది. ఆయన దాన్ని చూశాడు. అక్కని చూశాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, అక్క ముందే చెప్పింది, నేనే వినలేదు అని. బాపు పిడికిలి మూసేశాడు. "ఏం జేస్తం, కర్మ" అన్నాడు. ఆ సాయంత్రమే ముక్కలన్నీ బండికెత్తించి మూసీలో కలిపించాడు. మా బాపు అంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఎదిరించి చెప్పబోతే అత్తమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఇడిసిపెట్టు బిడ్డా" అంది. ఆమె ఆయన్ని, తట్టి పక్కన పెట్టిన కుండని చూసినట్టు చూస్తోంది.

ఆ తర్వాత ఆమె దేన్నీ తట్టలేదు. ఇంటికి కొబ్బరికాయలొచ్చేవి, గుమ్మడికాయలొచ్చేవి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. దగ్గు మాత్రం ఉండేది. మునుపటికంటే ముందుగా, మునుపటికంటే గట్టిగా.

వానాకాలం మొదట్లో వదినకి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. పిల్లల కోసమే. ప్రాణానికి పూచీ లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. బయల్దేరే పొద్దున రిక్షా వచ్చి ఆగింది. సాగనంపడానికి గల్లీ ఆడవాళ్ళంతా వచ్చారు. అన్నయ్య సంచీ పట్టుకున్నాడు. బాపు కుంకుమ పెట్టాడు. వదిన మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. వెనకింట్లోంచి దగ్గు వినిపించింది.

"నడువ్, నడువ్" అన్నారు ఆడవాళ్ళు.

వదిన కదల్లేదు. వెనక్కి తిరిగి, గల్లీ అంతా వినేట్టు పిలిచింది. "అత్తమ్మా, ఎదురు రా!"

లోపల్నించి మళ్ళీ దగ్గు. ఈసారి గాబరాగా.

"దగ్గకు. నువ్వు ఎదురొస్తేనే పోత. లేకుంటే పోను."

బాపు నేలకేసి చూస్తున్నాడు. ఎంతసేపటికో తలుపు కిర్రుమంది. అత్తమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కొంగు సర్దుకోవడం కూడా తెలియనట్టు, పెళ్ళికూతురిలా తలొంచుకుని వచ్చింది. వదిన కొంగుముడి విప్పి ఆ తెల్లని గొట్టం ముక్క ఆమె అరచేతిలో పెట్టి, వంగి కాళ్ళకి మొక్కింది. అత్తమ్మ చెయ్యి లేచింది. నడిమి వేలు మడిచి వదిన నెత్తి మీద మెల్లగా ఒకసారి తట్టింది. కళ్ళు మూసుకుంది.

"పలుకుతవ్ బిడ్డా. పో" అంది.

వదిన తిరిగి వచ్చింది. పిల్లలు మాత్రం పుట్టలేదు. ఆ సంగతి అట్లా ఉంచండి.

నేను చెప్పదల్చుకున్నది వదిన ఆసుపత్రికి పోయిన మర్నాడు పొద్దుటి మాట. బాపు గుడికి బయల్దేరాడు. తాళాల గుత్తి తీసుకుని అరుగు మీదికి వచ్చి, చెప్పులేసుకుని, ఎప్పట్లా మెట్లు దిగిపోకుండా నిలబడ్డాడు. నేను జడ వేసుకుంటూ గడపలో ఉన్నాను. ఆయన నాకేసి చూడలేదు.

"అక్కా" అని పిలిచాడు.

తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అక్కా, పోతున్న" అన్నాడు మళ్ళీ. ఆ గొంతులో ఏముందో నాకు తెలుసు. వదిన అడిగిందే ఆయనా అడుగుతున్నాడు, నోటితో అడగలేక. వెనకింటి తలుపు ఓరగా తెరిచే ఉంది. తెల్లచీర అంచు కనిపిస్తోంది. ఆమె తలుపు వెనకే ఉంది. వస్తుందనే నేననుకున్నాను, ఎంతైనా తోబుట్టువు కదా.

లోపల్నించి దగ్గు వినిపించింది. పొడిగా, చిన్నగా, ఎప్పటిలాగే.

బాపు ఇంకాస్సేపు నిలబడ్డాడు. ఆమె దగ్గుతూనే ఉంది, ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా.